రోగశయ్యకడ దాసోహము



దాసోహమనగానే మన కన్నుల యెదుట మెదలునది మఠము వంటశాల. పెద్ద గంగాళములు, విస్తరులు, వరుసలుగా కూర్చున్న బాలురు, జంగమమూర్తులు. అది ఉచితమే. కాని ఆ మాటకు అంతకంటె ఇరుకైన చోటు ఒకటి కలదు. ఆరడుగుల ఇనుప మంచము, దాని ప్రక్కన ఒక స్టూలు, మంచము క్రింద ఒక ఫ్లాస్కు, ఒక సంచి. ఆ చోట ఒక మనిషి ఒక్క మనిషికి, అందునా పెండ్లినాడు చేయి పట్టిన మనిషికి, నెలల తరబడి చేయవలసిన దాసోహమును గూర్చి నాలుగు మాటలు విన్నవించుకొనదలచినాను. ఇందులో నా తప్పులు కూడ కలవు. వానిని దాచిపెట్టి ధర్మము చెప్పుట నాకు చేతకాదు.

నేను తెలుగు పండితుడను. అరకులోయలోని ఒక గిరిజన ఆశ్రమ పాఠశాలలో చాల ఏండ్లుగా పద్యములు చెప్పుచున్నవాడను. 2023 జూలైలో, వానలు బాగుగా పట్టిన దినములలో, నా ఇల్లాలికి ఎంతోకాలముగా ఉన్న నడుమునొప్పి ముదిరి కాళ్ళు తిమ్మిరెక్కినవి. వయసు నొప్పి అనుకొని తైలము రాసినాము, కాపడము పెట్టినాము. ఒకనాటి ఉదయము ఆమె మంచము దిగబోయి నిలువలేక కూలబడినది. విశాఖపట్నము తీసికొనిపోయి పరీక్షలు చేయించగా అది వెన్నుపూసలకు సోకిన క్షయ అని తేలినది. క్షయ ఊపిరితిత్తులకే వచ్చునని మనలో పలువురి భావన. అది ఎముకలకును రాగలదు. వెన్నుపూసను లోలోపల తొలిచి, చీము చేర్చి, వెన్నుపామును నొక్కును. శస్త్రచికిత్స చేసి ఆ ఒత్తిడి తీసివేసినారు. ఆ పిమ్మట కదలక పండుకొనుట, మందులు, వ్యాయామములు. మొత్తము 83 దినములు ఆసుపత్రిలో గడచినవి. ఆ ఆసుపత్రి పేరు ఇచట అప్రస్తుతము.

కొండలలో ఉండువారికి ఆసుపత్రికి ముందు వచ్చు రోగము దూరమే. అరకు నుండి విశాఖకు ఘాటురోడ్డున సుమారు 115 కిలోమీటర్లు. రైలున పోదమన్న, కొత్తవలస నుండి కిరండూల్ వరకు గల ఆ మార్గములో మొత్తము 58 సొరంగములు. మాకు కారు దొరికినది కనుక గట్టెక్కినాము. కారు పోలేని పల్లెలు ఇంకను ఉన్నవి. అచట రోగిని కర్రకు కట్టిన డోలీలో మోసికొని రోడ్డు వరకు దించవలెను. 2005లో మన రాష్ట్రమున ఆరంభమైన 108 వాహనము ఆ రోడ్డు వరకే రాగలదు. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడి పాడేరు జిల్లా కేంద్రమైన పిదప వైద్యము కొంత దగ్గరైనది. అయినను పెద్ద శస్త్రచికిత్స అనగానే, 1923లో వెలసిన కింగ్ జార్జి ఆసుపత్రి మొదలుకొని విశాఖలోని ఆసుపత్రులకే ఈ కొండలవారు దిగిపోవలసి యున్నది. రోగి ఒక్కడే దిగడు, వానితో మరియొకరు దిగవలెను. ఆ రెండవవారి అవస్థను వ్రాసికొను కేసుషీటు ఎక్కడను లేదు.

మొదటి పండ్రెండు దినములు మా మరదలు దగ్గర ఉన్నది. స్త్రీల వార్డు కనుక రాత్రులు పురుషులను ఉండనీయరు, అది న్యాయమే. నేను పగలు మందులు తెచ్చి, డాక్టరుగారు వచ్చినపుడు చేతులు కట్టుకొని నిలుచుండి, తక్కిన సమయము వరండాలో వచనముల పుస్తకము చదువుకొనుచుంటిని. నాకు నేనే పెద్ద సేవకుడనని తోచినది. పదుమూడవ నాడు మరదలి కూతురికి నొప్పులు వచ్చినవని కబురు రాగా ఆమె వెళ్ళిపోయినది. ఆ మధ్యాహ్నము నా ఇల్లాలు నన్ను దగ్గరకు పిలిచి, మెల్లగా, "ఏమండీ, బెడ్‌పాన్ కావాలి" అన్నది.

ఆయా కనబడలేదు. పిలుచుకొని వచ్చెదనని బయటికి పోయినాను. నిజము చెప్పవలెనన్న నేను ఆయాను వెదుకలేదు. మెట్లు దిగి టీ దుకాణము దగ్గర అరగంట నిలుచున్నాను. ముప్పది ఏండ్లు ఆమె చేతి అన్నము తిన్నవాడను. మా తల్లి మంచాన పడినపుడు రెండేండ్లు ఆమె చేసిన చాకిరీ కన్నులార చూచినవాడను. అయినను ఆ పాత్ర పట్టుకొనుటకు నా చేయి రాలేదు.

తిరిగి వచ్చునప్పటికి పని జరిగిపోయినది. ప్రక్క మంచము మీద, తొడయెముక విరిగి కాలికి బరువులు కట్టించుకొని, ఒక కోదు యువతి పడియున్నది. ముంచంగిపుట్టు వైపు కొండమీది పల్లెవారు. ఆమె తల్లి, పండ్లూడిన ముసలమ్మ, ఇంకొకరిచేత దుప్పటి అడ్డము పట్టించి, సిస్టరును పిలిపించుకొని, నా ఇల్లాలిని ఒత్తిగిలబెట్టి, అంతయు చేసి, శుభ్రముగా తుడిచినది. ఆమెకు తెలుగు రాదు. నన్ను చూచి, అప్పుడే వచ్చిన అల్లుని వైపు తిరిగి ఏదో అన్నది. అతడు కొంచెము సంకోచించి, "మాస్టారూ, ఆ పాత్ర కడిగి తెమ్మంటున్నాది మా అత్త" అన్నాడు.

కడిగి తెచ్చినాను.

"మీరు ఆయా కోసం వెళ్ళలేదని నాకు తెలుసు" అని మరునాడు నా ఇల్లాలు అన్నది. కోపముగా కాదు. నేను బదులు చెప్పలేకపోయినాను.

బంధువులారా! మనకు పంచసూతకములు లేవని గర్వముగా చెప్పుకొందుము. జననము, మరణము, రజస్సు, ఉచ్ఛిష్టము, జాతి అను ఈ అయిదింటి మైల లింగధారికి అంటదని 12వ శతాబ్దిలో కళ్యాణమున బసవాది ప్రమథులు చాటినారు. వేదికలెక్కి ఆ మాట నేనును చెప్పినవాడనే. అట్టి నన్ను టీ దుకాణము దగ్గర నిలిపినది ఏది? మైల భయమే. ఇంకొక మాట కూడ చెప్పవలెను. ఆ ముసలమ్మ నా భార్యను తాకినదని తెలిసిన క్షణమున, ఈమె ఏ జాతియో, ఏమి తినునో అన్న తలపు నా మనసులో వచ్చి పోయినది. వచ్చిన తలపును రాలేదని వ్రాయలేను. పెండ్లిలోను చావులోను సూతకము లేదనుట సులభము, అచట పదిమంది చూచుచుందురు. దుప్పటి అడ్డము పట్టిన చోట, రోగి సిగ్గుతో కన్నులు మూసికొన్నపుడు, ఎవరును చూడనపుడు, మన సిద్ధాంతము మన చేతులలోనికి దిగినదో లేదో తెలియును. నాకు అది నాలుకమీదనే నిలిచిపోయినది.

ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల కథ మీరెరిగినదే. నేలరాలిన బియ్యపు గింజలు ఏరుట మారయ్య కాయకము. ఒకనాడు అనుభవగోష్ఠిలో మైమరచి కూర్చున్న భర్తకు, కాయకము వేళ మించుచున్నదని లక్కమ్మ జ్ఞాపకము చేసినది. మరియొకనాడు అవసరమునకు మించి అతడు తెచ్చిన బియ్యమును తిరిగి పోసి రమ్మన్నది. ఈ కథను నేను పిల్లలకు ఎన్నిమార్లు చెప్పియుందునో లెక్క లేదు. అయినను వచనముల పుస్తకము ఒడిలో పెట్టుకొని వరండాలో కూర్చున్న మారయ్యను నేనేననియు, లోపల గ్రుక్కెడు నీళ్ళకు ఎదురుచూచుచున్నది నా కాయకమేననియు తోచుటకు పదుమూడు దినములు పట్టినది.

పదునాలుగవ నాటినుండి పని నేర్చుకొన్నాను. నేర్పినది ఒక సిస్టరు, వయసున నా శిష్యురాలు కాదగినది. కదలలేని రోగిని రెండు గంటలకొకమారు ఒత్తిగిల మార్చవలెను. లేకున్న పిరుదుల మీద, మడమల మీద చర్మము ఒత్తుకొనిపోయి, ఎర్రబారి, పుండగును. ఆ పుండు ఎముక వరకు పోగలదు. వెన్నుకు శస్త్రచికిత్స జరిగినవారిని ఒక్కరే తిప్పరాదు. భుజము, నడుము, మోకాలు మెలిపడకుండ ఒక్కమారే, దూలమును దొర్లించినట్లు తిప్పవలెను. దానికి ముగ్గురు కావలెను. ముసలమ్మ, ఆమె అల్లుడు, నేను, సిస్టరు చెప్పినట్లు కాళ్ళకడ, నడుముకడ పట్టువారము. క్రింద పరచిన దుప్పటిలో ఒక్క ముడుత ఉన్నను మరునాడు చర్మముమీద గీత కనబడును. ఎంత నీరు త్రాగినది, ఎంత మూత్రము పోయినది, జ్వరమెంత, ఏ మాత్ర ఎప్పుడు వేసినది అన్నియు ఒక కాపీ పుస్తకములో వ్రాసినాను. మొదటి దినములలో మూత్రము నారింజరంగున వచ్చుట చూచి నెత్తురనుకొని మెట్లపై పరుగెత్తినాను. అది రిఫాంపిసిన్ అను మందు చేయు రంగు, భయము లేదని సిస్టరు నవ్వినది. బోధనవృత్తిలో ఉన్నవాడు ముందుగా అడిగి తెలిసికొని యుండవలసినది.

ఇక లింగపూజ సంగతి. నా ఇల్లాలు దీక్ష పొందిన నాటినుండి పూజ మానినది కాదు. కూర్చుండలేక, స్నానము లేక, నోట నీరు పుక్కిలించుటకే ఇంకొకరి చేయి కావలసిన దశలో ఆమెను బాధించినది నొప్పికంటె ఈ లోపమే. ఇది చాలదన్నట్లు ఒకనాడు ఎం.ఆర్.ఐ. పరీక్షకు తీసికొనిపోయినారు. ఆ యంత్రము పెద్ద అయస్కాంతము, ఒంటిమీద ఏదియు ఉండరాదన్నారు. మెడలోని వెండికాయ తీయవలసి వచ్చినది. లింగవియోగము ప్రాణవియోగమని పెరిగిన ఆమె కంట నీరు తిరిగినది. "మీ చేతిలోనే ఉంచండి, ఎక్కడా పెట్టకండి" అని నాకిచ్చినది. తలుపు మూసినారు. లోపల యంత్రపు చప్పుడు బయటికి వినబడుచున్నది. ఆమె ఇష్టలింగమును నా వామకరమున నిలిపి, ఆ బల్లమీద నలుబది నిమిషములు కదలక కూర్చున్నాను. మంత్రము ఒక్కటియు నోట రాలేదు. ఒకరి ఇష్టలింగమును మరియొకరు కరస్థలమున ధరించరాదని పెద్దలు చెప్పుదురు. నేను చేసినది తప్పో కాదో ఇప్పటికిని నాకు నిశ్చయముగా తెలియదు, తెలిసిన గురువులు ఈ పత్రికా ముఖముననే సరిదిద్దవచ్చును. నాకు తెలిసినది ఇంతే. నా జీవితములో చేసిన పూజలలో మనసు ఎక్కడికిని పోని పూజ అది యొక్కటే.

పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున చెప్పిన బెజ్జ మహాదేవి కథ ఆ బల్లమీద తలపునకు వచ్చినది. శివునికి తల్లి లేదే యని ఆమె జాలిపడి తానే తల్లియైనది. నలుగు పెట్టి నీళ్ళుపోసి, పాలుపోసి పెంచినది. పరమశివుడు గొంతు నొచ్చిన పసివానివలె పాలు ముట్టకపోగా ఆమె తల్లడిల్లిపోయినది. జగత్తునకు వైద్యుడైనవానికి రోగమేమిటని ఆమెకు తోచలేదు. చిన్ననాడు చదివినపుడు ఆమె అమాయకత్వమునకు నవ్వుకొన్నాను. ఇపుడు నవ్వు రాదు. ఎదుటివాడు దేవుడే అయినను, అతడు ముద్ద మింగలేనపుడు ఆమెకు కనబడినది ఆ గొంతు నొప్పి యొక్కటే. మన ఇండ్లలో ఎందరు మగవారు మూడువేళల లింగపూజ నియమముగా చేసి, ప్రక్క గదిలో మూలుగుచున్న ఇల్లాలిని చూచుకొను పని కూతురికో కోడలికో అప్పగించుచున్నారు! భర్త రోగి యైనపుడు భార్య మంచము విడువదు. భార్య రోగి యైనపుడు భర్త డబ్బు కట్టి, రసీదు జేబులో పెట్టుకొని ఊరికి పోవును. ఆ వార్డులో 83 దినములు నేను చూచినది ఇది. మొదటి పండ్రెండు దినములు నేనును వారిలో ఒకడనే.

బంధువర్గము మాట కొంత చేదుగా ఉండును, అయినను చెప్పెదను. క్షయ అని తెలిసిన తరువాత రాకపోకలు సగమైనవి. వచ్చినవారును తలుపుకడనే నిలిచి, ముక్కుకు పైట అడ్డము పెట్టుకొని, ఆపిలు పండ్ల సంచి నా చేతికిచ్చి పోయినారు. ఊపిరితిత్తులకు సోకని వెన్నుక్షయ ప్రక్కన కూర్చున్నంత మాత్రమున అంటుకొనదు. ఊపిరితిత్తుల క్షయ విషయమునందైనను ఈ భయమునకు సమాధానము ఎన్నడో దొరికినది. ఒకప్పుడు క్షయ వచ్చిన, మదనపల్లె దగ్గర 1915లో వెలసిన ఆరోగ్యవరము వంటి శానటోరియములలో నెలల తరబడి, కొందరు ఏండ్ల తరబడి ఉండవలసి వచ్చెడిది. అది ఆలుమగలకు సగము వియోగమే. 1956లో మద్రాసులో ఒక పరిశోధన ఆరంభించి 193 మంది రోగులను రెండు భాగములు చేసి, ఒక భాగమును శానటోరియములోను, మరియొక భాగమును పేదల ఇరుకైన ఇండ్లలోను ఉంచి ఏడాదిపాటు ఒకే మందులు ఇచ్చినారు. 1959లో ఫలితములు వెలువడినవి. ఇంటివద్ద మందు వాడినవారికిని దాదాపు అంత బాగుగానే నయమైనది. మందు మొదలైన పిమ్మట రోగి ఇంట ఉండుటచేత ఇంటివారికి ముప్పు పెరుగలేదని కూడ తేలినది. ఆ మాట లోకమంతట క్షయవైద్యమును మార్చివేసినది. మన మద్రాసులో తేలిన సత్యము మన చుట్టముల పైటచెంగు వరకు ఇంకను రాలేదు! ఆ మందులు ప్రభుత్వమే ఉచితముగా ఇచ్చుచున్నది. పోషణకొరకు 2018 నుండి రోగికి నెలకు 500 రూపాయలు ఇచ్చి, 2024 నవంబరు నుండి 1000 చేసినారు. వైద్యము ఉన్నది, మందు ఉన్నది. లేనిది ప్రక్కన కూర్చుండు మనిషి.

మంచము క్రింద ఆపిలు పండ్లు కుళ్ళిపోవుచుండగా లక్కమ్మ తిరిగి పోయించిన బియ్యము జ్ఞాపకము వచ్చినది. పండ్లన్నియు వార్డులో పంచిపెట్టినాను. మాకు కావలసినది వేరు. రాత్రిపూట స్త్రీల వార్డులో ఒక స్త్రీ. విశాఖలో ఒక విశ్రాంత తపాలా ఉద్యోగి భార్య, మా దూరపు లింగబంధువు, ఒకమారు వచ్చి ఈ సంగతి గ్రహించి ప్రతి శుక్రవారము రాత్రి వచ్చి పండుకొనినది. ఏమియు తీసికొనిరాలేదు. తక్కిన రాత్రులకు ఒక ఆయాకు కూలి యిచ్చినాను, అంతకుమించి ప్రక్క మంచపు ముసలమ్మ కన్ను వేసి యుంచినది. ఆ శుక్రవారపు రాత్రులలోనే నేను నిదురపోయినాను. మిగిలిన రాత్రులు వరండాలో కనురెప్ప పడిన, ఎవరో పిలిచినట్లుండెడిది. ముప్పదవ నాటికి నాకే రక్తపుపోటు పెరిగి కన్నులు తిరిగినవి. ఒక పూట తిండి మాని సేవచేయుట భక్తి అని భ్రమపడినాను. నేను పడిపోయిన ఆమెను తిప్పు ముగ్గురిలో ఒకడు తగ్గునని సిస్టరు మందలించినది. ఆమె మందలింపు ఏ ఉపన్యాసమునకు తీసిపోదు.

ప్రక్క మంచమువారి సంగతి ఇంకొంత చెప్పవలెను. ఆ యువతికి, ఆమె తల్లికి కువి భాష తప్ప వేరొకటి రాదు. డాక్టరుగారు ఎక్కడ నొప్పి యని అడిగిన భర్తయే ఇరువైపుల మాట దాటించవలెను. అతడు కువి, ఆదివాసీ ఒరియా, తెలుగు మూడును మాటాడును. బడి చదువు లేదు. వరినాట్ల వేళ అతడు నాలుగు దినములు ఊరికి పోవలసి వచ్చినది. పోకున్న ఏడాది తిండి లేదు, అతనిని తప్పుపట్టుటకు నాకు నోరు లేదు. ఆ నాలుగు దినములు ఆమె మూగయైపోయినది. కట్టు బిగిసి పాదము వాచుచున్నదని మూడవ నాటికి గాని ఎవరికిని తెలియలేదు. భాష చెప్పుటయే నా వృత్తి. ఇన్ని ఏండ్లు ఆ పిల్లలకు నా భాష నేర్పినాను, వారి భాషలో "నొప్పి" అన్న మాట నాకు రాదు. సిగ్గుపడి, విశాఖలో నర్సింగు చదువుచున్న నా పూర్వ విద్యార్థినికి కబురుపెట్టినాను. ఆమెకు ఇంట మాటాడు భాష కువి. సాయంకాలములు వచ్చి ఒక గంట కూర్చుండి, ఆ యువతి చెప్పినది డాక్టరుగారికి, డాక్టరుగారు చెప్పినది ఆ యువతికి చెప్పిపోయెడిది. భర్త తిరిగి వచ్చినపుడు అత్త మొదట చూపినది ఈ పిల్లనే.

మఠములవారికి ఒక మనవి. మన సమాజమునకు వైద్యము కొత్త కాదు. శరణులలోనే వైద్య సంగన్న ఉన్నాడు. 1916లో బెళగావిలో ఏడుగురు ఉపాధ్యాయులు ఆరంభించిన కర్ణాటక లింగాయత విద్యాసంస్థ 1963లో వైద్యకళాశాల తెరచినది. ఉపాధ్యాయులు చేసిన పని కనుక నేను కొంచెము గట్టిగా చెప్పుకొందును. అంతటి పనులు అందరివల్ల కావు. పెద్ద ఆసుపత్రి ఉన్న ప్రతి పట్టణమున మన మఠము గాని, లింగధారుల ఇండ్లు గాని కలవు. వారానికి ఒక రాత్రి వచ్చి కూర్చుండగల స్త్రీలు ఎవరు, పగలు రెండు గంటలు వచ్చి రోగి మనిషిని స్నానమునకు, నిదురకు పంపగలవారెవరు, కొండభాషలు వచ్చినవారెవరు అని పేర్లు వ్రాసియుంచిన చాలును. మఠములో ఒక గది, ఒక బొంత, వేడినీళ్ళు ఉన్న మరియు మంచిది. ఆ గది లింగధారులకే యని బోర్డు పెట్టవలదు. పెట్టిన, ముంచంగిపుట్టు ముసలమ్మకు నేను ఏమని చెప్పుకొందును?

2023 అక్టోబరులో ఇంటికి వచ్చినాము. వారు మాకంటె పది దినములు ముందే వెళ్ళిపోయినారు, రైలు దాక నేను సాగనంపినాను. నా ఇల్లాలు కర్ర ఊతతో నడచుచున్నది. మందులు ఏడాదికి పైగా వాడవలసి వచ్చినది. ఉదయము దిండ్లు ఆనించి కూర్చుండబెట్టిన, ఎడమ అరచేతిలో లింగము నిలిపికొని పూజ చేసికొనును. మొదట ఆ చేయి వణకెడిది, క్రింద నా చేయి పట్టెడివాడను. ఇపుడు అక్కరలేదు.

ఈ వ్యాసము అచ్చునకు పంపుటకు ముందు ఆమెకు చదివి వినిపించినాను. అంతయు విని, ఒక మాట మరచినారు, వ్రాయండి అన్నది. మొదటి వారములలో నేను గడియారము చూచి, రెండు గంటలు కాగానే చెప్పకుండ దుప్పటి లాగి తిప్పించెడివాడనట. ముసలమ్మ మాత్రము, భాష రాకున్నను, ముందు చేయి చూపి, ఆమె తల ఊపిన తరువాతనే ముట్టెడిదట. "తిప్పమంటావా అని మీరు అడిగిన మొదటి రోజు నాకు జ్ఞాపకం ఉంది" అన్నది. అది ఏ రోజో నా కాపీ పుస్తకములో వెదకినాను. మాత్రలు, జ్వరము, మూత్రము అన్నియు ఉన్నవి. అది వ్రాసికొనలేదు.